పందొమ్మిది నిమిషాల దూరం

గురువారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

పెద్దక్క మ్యాపులు మడుస్తోంది. చెల్లెలు పోయి రెండు రోజులు, తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్ళి ఒక రోజు. అయినా బల్లకి ఎడమవైపు దొంతర తరుగుతూనే ఉంది, కుడివైపు దొంతర పెరుగుతూనే ఉంది. కాగితానికి ఎనిమిది మడతలు. ప్రతి మడత మీదా చెక్క బద్దతో ఒక్క గీత. ఆ ఇంట్లో జిగురు వాసన, కాగితం వాసన తప్ప మూడోది లేదు. పొయ్యి వెలిగి రెండు రోజులైందని టీచర్‌కి గుమ్మంలోనే అర్థమైంది.

"చేతులు ఊరుకోవట్లేదండీ," అంది పెద్దక్క, ఎవరూ అడక్కుండానే.

పుస్తకాలు బైండు చేసే పని ఆవిడది. నలభై ఏడేళ్ళు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు చిక్కిపోయింది. దానికి ఇనప పట్టీల బూటు, చేతికి కర్ర. వీధిలో ఎనభై ఏళ్ళు దాటిన ముసలాయన కూడా ఆవిణ్ణి పెద్దక్క అనే పిలుస్తాడు.

టీచర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇంట్లో ఖాళీగా కనబడితే వంటింట్లోకి పిలుస్తారన్న భయంతో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి. బోర్డు మీద ఆవిడ పేరుంది గానీ, దాన్ని ఇంతవరకు ఎవరూ వాడలేదు.

"మంగళవారం సంగతి ఇంకోసారి చెప్పమ్మా."

"నిన్న చెప్పాగా."

"నిన్న ఏడుస్తూ చెప్పావు. ఏడుపులో టైములు వినపడవు."

పెద్దక్క ఇంకో కాగితం తీసుకుంది. "మంగళవారం బాటకి సెలవు. జనం రారు. చెల్లి ఒక్కతే వెళ్ళి బొమ్మలన్నీ బాగున్నాయో లేదో చూసి, ఒక్కోదానికీ ఫోటో తీసి కమిటీకి పంపిస్తుంది. ఎప్పుడూ అంతే."

బాట అంటే కాలవ బాట. పాత ఊరి కోట గుమ్మం దగ్గర మొదలై, కాలవ గట్టు వెంట, వంతెనల కింద నుంచి, నీళ్ళు ఆపే లాకు దాకా సాగుతుంది. మొత్తం ఏడు మజిలీలు. ఒక్కో మజిలీలో ఒక బొమ్మ: ఒకటి రాతిది, ఒకటి పింగాణీ ముక్కలు అతికించింది, ఒకటి ఇనపది. తొమ్మిదేళ్ళ కిందట ఆ బాట వేసింది పెద్దక్క చెల్లెలే. సెలవు రోజుల్లో జనాన్ని వెంటేసుకుని కథలు చెబుతూ తిప్పేది. ఊరు ఆమెకి 'నడక' అని పేరు పెట్టేసింది. ఆరో మజిలీలో ఉన్న పొడుగాటి గోడ మీద బొమ్మ వేస్తున్నది తమ్ముడు. ఆ గోడ వెనక సందులోనే ఈ ఇల్లు. మంగళవారం ఉదయం ఏడో మజిలీ అయిన లాకులోంచి నడకని ప్రాణం లేకుండా పైకి తీశారు.

"ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరింది?"

"అయిదున్నరకి, మొదటి బస్సుకి. ఆరింటికి కోట గుమ్మం దగ్గర ఉండాలిగా."

"నువ్వు?"

బద్ద మడత మధ్యలో ఆగింది. "నేనిక్కడే. ఎక్కడికి వెళ్తానండీ, ఈ కాలుతో."

టీచర్ బల్లకి ఆనించిన చేతికర్ర వైపు చూసింది. పిడి ఏళ్ళ తరబడి వాడకానికి నునుపెక్కి ఉంది. అడుగున రబ్బరు తొడుగు మాత్రం నిన్న కొన్నట్టు నల్లగా మెరుస్తోంది. దాని గురించి ఆవిడ ఏమీ అడగలేదు.

"నాకున్నది ఇద్దరేనండీ," అంది పెద్దక్క. "ఒకత్తి పోయింది. వాణ్ణన్నా తెచ్చివ్వండి. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారట. అక్కణ్ణించి జైలేనట."

"వాడు చెయ్యలేదని నమ్మకమా?"

"తెలుసు."

"నమ్మకమా, తెలుసా?"

"తెలుసండీ," అంది పెద్దక్క, తలెత్తకుండా.

*

పదకొండూ నలభైకి టీచర్ ఆరో మజిలీ గోడ దగ్గర ఉంది.

గోడ నిండా ఒక పడవ, పడవ నిండా జనం. మూటలు ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు, నిలబడే నిద్రపోతున్న మగవాళ్ళు. చివరి మొహానికి ఒక చెంపే రంగు పడింది. కింద నిచ్చెన, నాలుగు డబ్బాలు, కర్రలా బిగుసుకుపోయిన కుంచె. ఒక్క డబ్బాకీ మూత లేదు. మూత పెట్టకుండా కూర వదిలేసి వెళ్ళే ఇల్లాలు ఉంటుందేమో గానీ, మూత పెట్టకుండా రంగు వదిలేసి వెళ్ళే చిత్రకారుడు ఉండడు.

టీచర్ గడియారం చూసుకుని గట్టు వెంట నడక మొదలుపెట్టింది. దారిలో రెండు రాతి బల్లలున్నాయి, కూర్చోవడానికి. అరవై రెండేళ్ళ ఆవిడ మోకాళ్ళు రెండూ వాటిని ఆశగా చూశాయి. ఆవిడ చూడలేదు. లాకు చేరేసరికి పదకొండూ నలభై ఏడు.

అక్కడ ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పదో తరగతిలో టీచర్ విద్యార్థి. లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. అందులో పక్కవాడి మార్కులు ఎన్నో ఇప్పటికీ తేలలేదు.

"రండి టీచర్. పాత గౌరవం కొద్దీ చెప్తున్నా, మీరు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసు దగ్గర నువ్వేం చేస్తున్నావు?"

"మీరొస్తారని తెలుసు." అతను జేబులోంచి బాట మ్యాపు తీసి విప్పాడు. "ఒకటి. ఆదివారం అందరి ముందూ అక్కా తమ్ముడూ పోట్లాడుకున్నారు. గోడ బొమ్మ నెలాఖరుకి తేల్చమని ఆవిడ, తొందరపెడితే సున్నం కొట్టేసి పోతానని వాడు. రెండు. శవం మణికట్టు మీద వేళ్ళ గుర్తులు. ఎవరో బలంగా పట్టుకున్నారు. తలకి రాయి తగిలి, నీళ్ళలో పడింది. మూడు. ఎనిమిదింటి దాకా గోడ దగ్గరే బొమ్మ వేసుకుంటున్నానంటాడు. ఎనిమిదీ అయిదుకి లాకు మనిషి వచ్చేసరికి ఇక్కడ నీళ్ళలో ఉన్నాడు. గోడ నుంచి లాకుకి ఎంతసేపు? చూడండి, అచ్చులో ఉంది. పందొమ్మిది నిమిషాలు. అంటే వాడు ఏడూ నలభై అయిదుకి ముందే అక్కణ్ణించి కదిలాడు. అబద్ధం చెప్తున్నాడు."

"నేను ఏడు నిమిషాల్లో వచ్చాను."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ మోకాళ్ళ వైపు అనుమానంగా చూశాడు. "బండి మీదా?"

"ఈ గట్టు మీద బండి ఎలా పడుతుందో చూపించు, ఎక్కుతాను. నువ్వు ఒక్కసారైనా నడిచావా?"

"జీపు రోడ్డు అటువైపు ఉంది కదా."

"అప్పుడూ అంతే. పుస్తకం వెనక జవాబు చూసి వేసేవాడివి, మధ్యలో లెక్క ఉండేది కాదు. ఏడూ యాభై అయిదుకి వాణ్ణి నిచ్చెన మీద చూశానని పళ్ళ డాక్టరు చెప్తే కొట్టిపారేశావట."

"ఆయన గడియారం ముందుందేమోనని..."

"తొమ్మిదేళ్ళుగా ఎనిమిదిన్నరకి క్లినిక్ తెరుస్తాడు, నిమిషం తేడా ఉండదు. నా పళ్ళు మూడు అక్కడే పోయాయి. నాకు తెలుసు."

ఇన్‌స్పెక్టర్ కాసేపు మ్యాపు వైపు, గట్టు వైపు చూశాడు. కానిస్టేబుల్ని గోడ దాకా వెళ్ళి రమ్మని పంపించాడు. కానిస్టేబుల్ పోను ఆరు, రాను ఆరు నిమిషాల్లో వచ్చి, చెమట తుడుచుకుంటూ సెల్యూట్ కొట్టాడు.

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరన్నదే నిజం. ఎనిమిదింటికే బయల్దేరాడు. అయిదు నిమిషాల్లో వచ్చి, దూకి కూడా ఉన్నాడు. అంటే పరిగెత్తాడు. ఎందుకు పరిగెత్తాడు టీచర్? నిచ్చెన మీదున్నవాడికి అక్క నీళ్ళలో ఉందని ఎవరు చెప్పారు? గోడా?"

టీచర్ తాను వచ్చిన గట్టు వైపు చూసింది. ఇన్నేళ్ళకి తన క్లాసులో నేర్చుకున్నది వాడికి పనికొచ్చింది, అదీ ఆవిడ మీదే.

"వాడేమంటాడు?"

"ఊరికే పరిగెత్తానంటాడు."

లాకు మనిషి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పాలని ఉన్న మనిషిలా ఉన్నాడు. "నా డ్యూటీ ఎనిమిదింటికండీ. వచ్చేసరికి ఆయన ఆమెని రెండు చేతులమీదా ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నాడు. తాడు వేశాను. ముందు ఆమెకే కట్టాడు. పోయిందయ్యా, నువ్వు రా ముందు అంటే వినడే. అక్కకి చలేస్తోంది, తొందరగా లాగు అంటాడు."

టీచర్ లాకు అంచు దాకా వెళ్ళింది.

లాకు రెండు పెద్ద తలుపుల మధ్య రాతి గుంట. అంచు నుంచి నీళ్ళు రెండు నిలువుల లోతున ఉన్నాయి. గోడలకి పాచి. తలుపు మీదుగా అవతలికి దాటడానికి మనిషి పట్టేంత చెక్క దారి, దానికి ఒకవైపే కమ్మి. అవతల గట్టు మీద ఏడో మజిలీ బొమ్మ, ఇనప కొంగ, ఒంటికాలి మీద నిలబడి ఉంది. టీచర్ చెక్క దారి మీద మెల్లగా రెండడుగులు వేసి ఆగింది. రెండు చెక్కల సందులో నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

"సీసా మూతండీ అది," అన్నాడు లాకు మనిషి.

ఆవిడ వంగి, తలపిన్నుతో దాన్ని పైకి లాగింది. పాతబడి, ఒకవైపు చిరిగిన రబ్బరు తొడుగు.

"ఏంటది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రబ్బరు ముక్క," అంది టీచర్. అబద్ధం కాదు. "ఆ అమ్మాయి ఫోన్లో ఫోటోల టైములు రాసుకున్నావా?"

అతను ఫైల్లోంచి కాగితం తీసిచ్చాడు. "ఎంత పద్ధతి గల మనిషో చూడండి. తన మ్యాపులో ఏ టైములు వేసిందో నిమిషం తేడా లేకుండా అలాగే నడిచింది. ఆరింటికి కోట గుమ్మం. ఆరూ పద్నాలుగు, ఆరూ ఇరవై తొమ్మిది, ఆరూ నలభై అయిదు, ఏడూ రెండు, ఏడూ పదిహేడు. ఏడూ ముప్పై ఆరుకి ఈ కొంగ. మొత్తం తొంభై ఆరు నిమిషాలు."

"కిందటి మంగళవారం?"

"అది కూడా వెనక రాశాం. అవసరం లేదనుకోండి."

టీచర్ కాగితం తిప్పింది. కిందటి మంగళవారం ఆరింటికి మొదలుపెట్టి ఆరూ నలభై ఏడుకి లాకు చేరింది. అంతకుముందు వారం ఆరూ మూడు నుంచి ఆరూ నలభై తొమ్మిది. దాని కింద పోస్టుమార్టం డాక్టరు రాసిన ముక్క: నీళ్ళలో పడ్డాక పది, పదిహేను నిమిషాలు ఊపిరి ఉండి ఉండవచ్చు.

ఆవిడ ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి మ్యాపు తీసుకుంది. కళ్ళజోడు పైకి తోసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నిటికంటే కింది మడతలో చీమలంత అక్షరాలు, ఎవరూ చదవనివి: 'ఈ సమయాలు మా అక్క నడకతో కొలిచినవి. తొందరున్నవారు తొందరపడవచ్చు.'

లెక్క దానంతటదే పూర్తయింది. నడక ఒక్కతే నడిస్తే నలభై ఏడు నిమిషాలు. ఈ మంగళవారం తొంభై ఆరు. ఏడూ ముప్పై ఆరుకి కొంగ ఫోటో. దానికి నాలుగైదు నిమిషాలు కలిపి, పైన గోడ దాకా పందొమ్మిది వేస్తే ఎనిమిది గంటలు. ఎన్నిసార్లు కూడినా ఎనిమిదే.

"ఏమైంది టీచర్?"

"ఏం లేదు. జీపు ఎన్నింటికి?"

"మూడున్నరకి బయల్దేరతాం."

*

పన్నెండున్నర. పెద్దక్క ఎడమవైపు దొంతరలో నాలుగు కాగితాలే మిగిలాయి.

టీచర్ రబ్బరు తొడుగుని బల్ల మీద పెట్టింది. "కొత్తది ఎక్కడ కొన్నావు?"

పెద్దక్క దాన్ని చూసింది. తరవాత బద్ద పక్కన పెట్టింది. "సందు చివర మందుల షాపులో," అంది.

"ఏడాదికోసారా, నువ్వూ బాట నడిచేది?"

"ఊఁ. కొత్త మ్యాపు అచ్చుకిచ్చే ముందు. గడియారం పట్టుకుని నా పక్కనే నడిచేది. నేను ఎక్కడ ఆయాసపడితే అక్కడ బల్ల వేయించేది. కమిటీవాళ్ళు, తొంభై ఆరు నిమిషాలేంటమ్మా, చూసినవాళ్ళు నవ్వుతారు, తగ్గించు అన్నారు. తగ్గిస్తే నేను మానేస్తానంది. ఊళ్ళో అందరికంటే ఆఖరున నడిచేది నేనే కదండీ. నన్ను ముందు పెట్టుకుని కొలిచింది."

"లాకు దగ్గర ఏమైంది?"

"ఫోటో తీసింది. కొంగ కాళ్ళకి తుప్పు పట్టింది, అవతలికెళ్ళి చూసొద్దాం రా అక్కా అంది. చెక్క మీదకి ఎక్కాను. కర్ర సందులో ఇరుక్కుంది. లాగితే ఒక్కసారి ఊడొచ్చింది, తూలాను. చెల్లి వెనక్కి తిరిగి నన్ను లోపలికి నెట్టింది. నేను చెక్క మీద బోర్లా పడ్డాను. అది కమ్మి లేని వైపు తూలిపోయింది." పెద్దక్క చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "మణికట్టు దొరికింది నాకు. పట్టుకున్నాను."

ముప్పై ఏళ్ళు అట్టలు బిగించి కుట్టిన చేతులు. వేళ్ళ గుర్తులు ఎవరివో తెలిసిపోయింది.

"తరవాత చెయ్యి జారింది," అంది టీచర్.

పెద్దక్క మిగిలిన నాలుగు కాగితాలూ అంచులు కలిపి సర్దింది. "అరిచాను. ఎవరూ లేరు. తమ్ముడి దగ్గరికి బయల్దేరాను. టీచర్ గారూ, దారిలో రెండు బల్లలున్నాయి కదా. నేను ఒక్కదాని మీదా కూర్చోలేదండీ. తొడుగు లేని కర్ర జారిపోతోంది, అయినా ఆగలేదు. ఎప్పుడూ అంత గట్టిగా నడవలేదు." తొడుగుని వేలితో ముట్టుకుంది. "అయినా అంతే పట్టింది."

గోడ మీద గడియారం లేని ఇల్లు అది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"డాక్టరు ఏమన్నాడు?" అంది పెద్దక్క. "పడగానే పోయిందా? వాణ్ణడిగితే చెప్పడు."

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో టీచర్ పిల్లలకి ఒక్క లెక్క కూడా తప్పు చెప్పలేదు.

"పడగానే," అంది.

పెద్దక్క తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

"ఆ సాయంత్రం వాడు నా చేత ఒట్టేయించుకున్నాడు. నువ్వు ఇల్లు కదల్లేదు, ఎవరడిగినా ఇదే మాట అన్నాడు. నన్ను స్టేషన్లో కూర్చోబెట్టి అడగడం వాడు చూడలేడట. వాళ్ళు అడిగి వదిలేస్తార్లే, నాకేం కాదు అన్నాడు. మర్నాడు వాణ్ణే పట్టుకెళ్ళారు."

"మరి నన్నెందుకు పిలిచావమ్మా?"

"నేను చెప్తే ఒట్టు తప్పినట్టు. మీరు కనిపెడితే కాదుగా."

టీచర్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే వేరేదిగా మారబోతుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కనిపెట్టాను. బూటు తొడుక్కో."

*

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. పెద్దక్క చెప్పింది. అతను రాసుకున్నాడు. రబ్బరు తొడుగు ఫైలు పక్కన ఉంది. అతను టీచర్ వైపు ఒకసారి చూసి, "రబ్బరు ముక్క," అని మాత్రం అన్నాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది.

రెండు గంటల యాభై నిమిషాలు.

లోపలి గది కటకటాల దగ్గరికి తమ్ముడొచ్చి నిలబడ్డాడు. గోళ్ళలో ఇంకా రంగు ఉంది. "పెద్దక్కా, ఎందుకొచ్చావు? సార్, ఆవిడకేం తెలీదు."

"నువ్వు కూర్చో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, విసుగు లేకుండా. మళ్ళీ కాగితం మీదకి వంగి, రాస్తున్నది పైకి పలికాడు. "మణికట్టు పట్టుకున్నాను. కొంతసేపటికి చెయ్యి జారిపోయింది..."

"జారలేదండీ," అంది పెద్దక్క.

కలం ఆగింది.

"లెక్కపెట్టాను నేను. యాభై దాకా వచ్చింది. నేనూ జరుగుతున్నాను. చెక్క అంచు ఛాతీ దగ్గర్నుంచి నడుం దగ్గరికొచ్చింది. ఇంకొంచెం ఉంటే నేనూ పోతాను. అది పైకి చూసి, అక్కా, వదలకు అంది. నేను వదిలేశాను."

తమ్ముడు కటకటాలకి నుదురు ఆనించాడు. అతనికి తెలుసని టీచర్‌కి అప్పుడు తెలిసింది. ఒట్టు దేనికోసమో కూడా తెలిసింది.

ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టాడు. బయట బెంచీ మీదున్న కానిస్టేబుల్ని టీ తెమ్మని పంపించాడు. తలుపు మూసుకున్నాక గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీ తమ్ముణ్ణి ఎలాగూ ఇవాళ పంపించేస్తాను. జారిందని రాస్తే ఇది ప్రమాదం. ఫైలు నా దగ్గరే మూసేస్తాను. వదిలేశానని రాస్తే నా పైవాళ్ళు చదువుతారు. పిలుస్తారు. ఎందుకు వదిలావంటారు, రెండు రోజులు ఎందుకు దాచావంటారు. కోర్టు దాకా వెళ్ళొచ్చు. మీరు వదలకపోతే ఇద్దరూ పోయేవాళ్ళని మనకి తెలుసు. జారిందనే రాస్తాను."

టీచర్ అతని వైపు చూసింది. ఆ ముప్పై ఎనిమిది మార్కులూ అతనివేనని మొదటిసారి నమ్మాలనిపించింది.

"అలాగే రాయనీ అక్కా," అన్నాడు తమ్ముడు.

"వదిలేశానని రాయండి," అంది పెద్దక్క. "అది వదలకు అందని కూడా రాయండి."

"దానివల్ల ఎవరికేం లాభమమ్మా?"

"ఆ మాట విన్నది నేనొక్కదాన్నే కదండీ. నేను కూడా లేదంటే, అది అసలు అననట్టే అవుతుంది. అదింకా బతుకుతాననుకుంది. ఆఖరున అన్న మాట అదొక్కటే. దాన్ని ఎలా కొట్టేస్తాను?"

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ కలం తీసుకున్నాడు. 'జారిపోయింది' అన్న మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన తన పొడి సంతకం చేసి, కింద రెండు వాక్యాలు రాశాడు.

వాంగ్మూలం చదివి వినిపించాలని నియమం. అతను కాగితం పట్టుకుని మొదలుపెట్టాడు. బాట దాటింది, వంతెనలు దాటాయి, లాకు వచ్చింది. ఆ రెండు వాక్యాల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. దగ్గాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు. చివరికి కాగితాన్ని బల్ల మీదుగా టీచర్ వైపు జరిపాడు.

టీచర్ కళ్ళజోడు పెట్టుకుంది. గొంతు పెంచకుండా, తగ్గించకుండా చివరిదాకా చదివింది.

పెద్దక్క సంతకం పెట్టింది.